అష్టమి నాటి నిండు చంద్రుడు

ఆ రోజుల్లో ఒక ఇంగ్లీషు సినిమా ఇంటికి వచ్చిందంటే, దాని వెంట ఒక మనిషి కూడా కావలసి వచ్చేవాడు. తెర మీద దొరలు ఏమనుకుంటున్నారో పక్కన కూర్చుని తెలుగులో చెప్పడం ఆ మనిషి పని. ఇప్పుడు ఆ పనికి మనిషి అక్కర్లేదు. రిమోటు మీద ఒక మీట నొక్కితే ఎడారిలో దాహంతో పడిపోయిన దొర కూడా చక్కని తెలుగులో మంచినీళ్ళు అడుగుతాడు. మరొక మీట నొక్కితే అతని సొంత గొంతే వినిపిస్తూ, మాటలు మాత్రం తెర అడుగున అక్షరాలై వస్తాయి. నేను సినిమాలు విపరీతంగా చూసేవాణ్ణి కాను. ఉద్యోగ విరమణ తరువాత బందరులో స్థిరపడ్డాక, మధ్యాహ్నం భోజనం చేసి, మా ఆవిడ ఏది పెడితే అది చూస్తాను. ఆవిడకు సాహస చిత్రాలంటే ఇష్టం. నిధులు, గుహలు, అగ్నిపర్వతాలు, తాళ్ళ వంతెనలు ఉండాలి. గడిచిన నెలలో అలాంటివి ఏడు చూశాం (తేదీలతో సహా రాసి ఉంచాను). ఏడింటిలో అయిదింట తాళ్ళ వంతెన తెగింది. ఒకదానిలో కథానాయకుడు గుహలో వెలిగించిన కాగడా ముప్పై ఎనిమిది నిమిషాలపాటు ఆరకుండా వెలిగింది. ఏ ఒక్కదానిలోనూ ఎవరూ కూర్చుని కడుపునిండా అన్నం తినలేదు. ఈ సంగతులు నేను పైకి చదివితే, "మీరు సినిమా చూస్తున్నారా, తనిఖీకి వచ్చారా?" అంటుంది మా ఆవిడ.

తనిఖీ మాట ఎలా ఉన్నా, తెర అడుగున ఆ అక్షరాలు కనిపించిన ప్రతిసారీ నాకు గుండెల మీంచి బరువు దిగినట్టుంటుంది. ఇక ఎవరూ నా వైపు తిరిగి "ఏమన్నాడు?" అని అడగరు గదా అనిపిస్తుంది. ఈ ఉపశమనం విలువ నాకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. దానికి కారణం గుడివాడలో మా అక్కగారింట్లో ఒక ఆదివారం ఉదయం జరిగిన సంగతి. ఏ సంవత్సరమో ఖచ్చితంగా చెప్పలేను. అప్పటికి నాకు డైరీ రాసే అలవాటు లేదు. ఆధారం లేని తేదీ చెప్పడం నాకు ఇష్టం ఉండదు. (ఆ అలవాటు కూడా ఆ ఆదివారం నుంచే మొదలైందని ముందుగా మనవి చేస్తున్నాను.) నాకు అప్పుడు ఇరవై అయిదేళ్ళు. ఆదివారమన్నది మాత్రం నిజం.

అప్పట్లో నేను బందరులో ఒక కార్యాలయంలో కొత్తగా చేరిన గుమాస్తాను. ఇంగ్లీషు టైపులో హయ్యర్ పాసయ్యాను. నిమిషానికి నలభై అయిదు మాటలు. రోజంతా ఇంగ్లీషు ఉత్తరాలు కొట్టేవాణ్ణి. ఏ మాటకు ఏ స్పెల్లింగో నన్ను అడిగితే నిద్రలో కూడా చెప్పేవాణ్ణి. అయితే ఆ మాటను ఎవరైనా నోటితో పలికితే మాత్రం గుర్తుపట్టలేకపోయేవాణ్ణి. మా కార్యాలయంలో ఇంగ్లీషును నోటితో వాడే సందర్భం ఒక్కటే ఉండేది. మా ఆఫీసరుగారు ఫోను చెవి దగ్గర పెట్టుకుని, అవతలి నుంచి వచ్చే అంకెలను, కొలతలను గబగబా ఇంగ్లీషులో పైకి అంటుంటే నేను రాసుకునేవాణ్ణి. కాబట్టి చెవితో నాకు తెలిసిన ఇంగ్లీషు సున్నా నుంచి తొమ్మిది వరకూ, వాటిని కలిపితే వచ్చే సంఖ్యల వరకూ, మహా అయితే వాటి వెనక వచ్చే గంటలు, అడుగుల వరకూ. ఈ పరిమితి నాకు తెలుసు, మా ఆఫీసరుగారికి తెలుసు. మా బావకు తెలియదు. "మా బావమరిది బందరులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంగ్లీషులోనే" అని ఆయన గుడివాడంతా చెప్పేవాడు. ఇంగ్లీషులోనే ఏమిటన్నది ఎప్పుడూ పూర్తి చేసేవాడు కాదు. నేనూ పూర్తి చేయించలేదు.

ఇలా ఉండగా దివిసీమ నుంచి ఒక సంబంధం వచ్చింది. ఆ అమ్మాయిని నేను అంతకుముందే ఒకసారి, కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం గుడిలో ఎవరిదో పెళ్ళి జరుగుతుంటే చూశాను. గుమ్మం దగ్గర నల్లబల్ల మీద స్వాగతం అని ఇంగ్లీషులో రాసి పెట్టారు. అందులో ఒక అక్షరం ఎక్కువ పడింది. వచ్చిన వాళ్ళందరూ దాన్ని చూసుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు. ఈ అమ్మాయి ఆగింది, పక్కనున్న సుద్దముక్క తీసుకుంది, ఆ అక్షరం మీద ఒక గీత గీసి, చెయ్యి దులుపుకుని వెళ్ళిపోయింది. ఆ తప్పు నేను కూడా చూశాను. కానీ గీత గీసే ధైర్యం నాకు లేకపోయింది. అప్పటికప్పుడే నా మనసులో ఒక నిర్ణయం జరిగిపోయింది. తీరా ఆర్నెల్ల తరువాత పెళ్ళిళ్ళ పేరయ్య పట్టుకొచ్చిన సంబంధం ఆ అమ్మాయిదేనని తెలిసేసరికి, రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. అమ్మాయి బి.ఏ. చదివింది. ఇంగ్లీషు నవలలు చదువుతుంది. వాళ్ళ నాన్నగారు పెట్టిన షరతు ఒక్కటే. "మా అమ్మాయి ఇంగ్లీషు బాగా చదువుకుంది. అబ్బాయికీ వస్తే బాగుంటుంది. ఒకసారి వచ్చి చూస్తాను."

ఆయన వచ్చి చూసేది నా ఇంగ్లీషును. ఆ మాట విని నేను నీరసపడిపోతే, మా బావ మాత్రం తొడ చరిచాడు.

"పరీక్ష పెట్టినట్టు ఎందుకోయ్? ఆదివారం క్యాసెట్లాడే వీసీపీ, కలర్ టీవీ అద్దెకు తెప్పిస్తాను. ఓ ఇంగ్లీషు సినిమా వేద్దాం. నువ్వు పక్కన కూర్చుని తెలుగులో చెప్పుకుపో. ఆయనకే తెలుస్తుంది."

"బావా, సినిమా ఇంగ్లీషు వేరు, ఆఫీసు ఇంగ్లీషు వేరు."

"ఇంగ్లీషు ఒకటేనోయ్. వాళ్ళు కోటు వేసుకుని మాట్లాడతారు, నువ్వు లుంగీలో మాట్లాడతావు. అంతేగా తేడా."

ఆదివారం ఉదయం రిక్షాలో టీవీ, దాని ఒళ్ళో వీసీపీ వచ్చాయి. సినిమా రెండు క్యాసెట్లు. పేరున్న కాగితం ఎప్పుడో ఊడిపోయింది. అట్ట మీద ఎవరో పెన్నుతో "ఇంగ్లీషు, సాహసం" అని మాత్రం రాశారు. కిటికీకి దుప్పటి కట్టారు. ఆ రోజుల్లో ఒక ఇంటికి వీసీపీ వచ్చిందంటే వీధంతా వచ్చినట్టే. పిలవకపోతే తప్పు, రాకపోతే ఇంకా తప్పు. చాపల మీద పదహారు మంది చేరారు. ముందు వరుసలో పక్కింటి మామ్మగారు. ఆవిడకు ఎనభై దగ్గర పడింది, చూపు మాత్రం దివ్యంగా ఉంది. అసలు అతిథి, అంటే దివిసీమ మావయ్యగారు (అమ్మాయి తండ్రిని నేను అప్పుడే మనసులో అలా పిలుచుకోవడం మొదలుపెట్టాను), సరిగ్గా తొమ్మిదింటికి వచ్చి పడక్కుర్చీ వద్దని మామూలు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. తెల్లచొక్కా జేబులో ఒక చిన్న పుస్తకం, పెన్సిలు. సముద్రం దగ్గర, హంసలదీవి పక్కన ఆయన పొలం. కుశల ప్రశ్నలు రెండు మాటల్లో ముగించి, తెర వైపు చూస్తూ ఉండిపోయారు.

సినిమా మొదలైంది. సముద్రం, ఓడ, టోపీ పెట్టుకున్న ఒక మనిషి, ప్యాంటు వేసుకున్న ఒక అమ్మాయి, చేతికర్రతో ఒక ముసలాయన, ఒక పటం. అందరూ ఒకేసారి మాట్లాడారు. నాకు అందులో "నలభై" అన్నది ఒక్కటే అర్థమైంది. పదహారు తలలు నా వైపు తిరిగాయి.

"ఈ పటంలో చూపించిన చోట నిధి ఉంది. నలభై మైళ్ళు వెళ్ళాలంటున్నారు" అన్నాను. (మైళ్ళన్నది నేను కలిపింది. అక్కడి నుంచి కలపడం ఆగలేదు.)

"ఆ పిల్ల ఆయనకేమవుతుంది?" అన్నారు మామ్మగారు.

మా వైపు ఇది తప్పని ప్రశ్న. తెర మీదైనా సరే, వరస తెలియని మనిషి నడిచి వెళ్తుంటే మావాళ్ళకు ఊపిరాడదు. అన్నాచెల్లెళ్ళంటే తరువాత వాళ్ళు చేతులు పట్టుకుంటే అప్రతిష్ట. భార్యాభర్తలంటే అమ్మాయి మెళ్ళో ఏమీ లేదు. నేను ఒక్క క్షణం ఆలోచించి, ఎటు తిరిగినా ఇబ్బంది లేని వరస పట్టుకున్నాను. "బావామరదళ్ళండీ" అన్నాను. దెబ్బలాడుకున్నా ఫరవాలేదు, వేళాకోళమాడుకున్నా ఫరవాలేదు, చివరికి పెళ్ళి చేసుకున్నా ఫరవాలేదు. నా జీవితంలో నేను తీసుకున్న తెలివైన నిర్ణయాల్లో అదొకటని ఇప్పటికీ అనుకుంటాను.

"మేనత్త కూతురా, మేనమామ కూతురా?"

"మేనమామ కూతురండీ. ఆ చేతికర్ర ఆయనే మేనమామ."

గదిలో అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. మా బావ నా వైపు చూసి కన్ను గీటాడు. అక్కడి నుంచి నా గుర్రానికి కళ్ళెం లేకపోయింది. పటం పంపకం దగ్గర వాళ్ళు వాదించుకుంటుంటే, అది తాతగారి నాటి ఉమ్మడి ఆస్తి అన్నాను. దాంతో వెనక వరుసలో ఇద్దరు రైతులు అవతలి వాటాదారుకు నోటీసు ఇచ్చారా లేదా అని గట్టిగా చర్చించుకున్నారు. కత్తి పట్టుకున్న గడ్డపు మనిషిని దాయాదిని చేశాను. అంతా సక్రమంగా నడుస్తుండగా, సరిగ్గా ముప్పై రెండో నిమిషంలో (గోడగడియారం నాకు ఎదురుగా ఉంది) ఆ చేతికర్ర ముసలాయన మొసళ్ళున్న గుంటలో పడిపోయాడు.

మామ్మగారు "అయ్యయ్యో, మావయ్య పోయాడు!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. మా అక్క "పాపం" అంది. తెర మీద మాత్రం ఆ అమ్మాయి టోపీ మనిషితో కలిసి పకపకా నవ్వింది. ఆ వెంటనే ఇద్దరూ ఏదో తింటూ నడక సాగించారు.

"ఏమిటే దాని నవ్వు! కన్నతండ్రి పోయి నిమిషం కాలేదు. మైలలో ఉండి ఆ తిండి ఏమిటి? అబ్బాయ్, ఏమంటోంది అది?"

నాకు చెమటలు పట్టాయి. "దుఃఖంతో మతి చలించిందండీ" అన్నాను.

"అల్లుడికేం వచ్చింది మరి? మేనమామ కదా. ఒడ్డున కాసిని నీళ్ళయినా వదలడా?"

"దాయాదులు వెంట పడుతున్నారు కదండీ. కర్మకాండ తిరిగి వచ్చాక చేస్తానన్నాడు."

"ఆ మాత్రం అన్నాడా? మంచివాడే" అని మామ్మగారు శాంతించారు. దివిసీమ మావయ్యగారు అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఒకటి రెండుసార్లు నా మొహం వైపు చూడటం మాత్రం నేను గమనించాను. అది మెచ్చుకోలో, మరొకటో తేల్చుకునే తీరిక నాకు లేదు.

తరువాత ఒక రాత్రి దృశ్యం వచ్చింది. సముద్రం మీద కంచమంత చంద్రుడు లేచాడు. ఎంతో బాగుందని అందరూ అన్నారు. తెల్లవారింది. కొండ అడుగున ఒక గుహ, దాని గుమ్మం దాకా అలలు. టోపీ మనిషి గుహను చూపించి, సముద్రాన్ని చూపించి, చేతి గడియారం చూసి ఏదో అన్నాడు. అప్పుడు దివిసీమ మావయ్యగారు మొదటిసారి కుర్చీలో ముందుకు వంగారు.

"బాబూ, గుహలోకి పోటు వస్తుందని కదూ అతని భయం? ఏ తిథి అంటున్నాడు?"

ఇంగ్లీషువాళ్ళు తిథులు చెప్పుకోరన్న సంగతి నాకు తట్టనే లేదు. అప్పటికి గంటసేపటి నుంచి వాళ్ళను మావాళ్ళుగా చేసి ఉన్నాను. మైల పట్టించినవాణ్ణి, తిథి చెప్పలేనా? "అష్టమి అంటున్నాడండీ" అన్నాను, ఏమాత్రం తడుముకోకుండా.

ఆయన జేబులోంచి పుస్తకం తీశారు, ఏమీ రాయకుండా దాన్ని మోకాలి మీద పెట్టుకున్నారు. మరో నిమిషానికి కరెంటు పోయింది.

ఎవరో కిటికీకి కట్టిన దుప్పటి తీసేశారు. పదిగంటల ఎండ నేరుగా నా మొహం మీద పడింది.

"అష్టమి అన్నావు బాబూ" అన్నారు మావయ్యగారు, కోపమేమీ లేకుండా. "ఇందాక సముద్రం మీద చంద్రుడు నిండుగా ఉన్నాడు."

"అవును నాయనా, నేనూ చూశాను. కొబ్బరి చెక్కలాగా కాదు, పూర్తిగా ఉన్నాడు" అన్నారు మామ్మగారు, సాయం చేస్తున్నాననుకుని.

మా బావ అందుకున్నాడు. "అంటే మావయ్యగారూ, వాళ్ళ దేశంలో చంద్రుడు..."

"చంద్రుడు ఒక్కడేనండీ" అన్నారాయన. "పైగా అష్టమి పోటుకు నీళ్ళు అంత లేవవు. అష్టమికి చప్పగా ఉంటుంది. గుహ మునగాలంటే పున్నమో, అమావాస్యో కావాలి. సముద్రం పక్కన మురుగు కాలువ తూము తలుపు వేసేది నేనే గదా, నాకు తెలియదా? పున్నమి అనుంటాడు. నీకు అష్టమి అని ఎలా వినబడిందా అని."

మా అక్క కాఫీ గ్లాసుల పళ్ళెంతో గుమ్మంలో నిలబడిపోయింది. ఇంకో అబద్ధం నా నోటిదాకా వచ్చింది, అధికమాసం అందామనుకున్నాను. అప్పుడు, ఎందుకో తెలియదు, నల్లబల్ల మీద గీత గీసిన ఆ అమ్మాయి చెయ్యి గుర్తొచ్చింది. ఈయన ఇంటికి వెళ్ళి ఆ అమ్మాయితో ఇదంతా చెబుతారు. ఆ అమ్మాయి గీసే గీత ఎవరి మీద పడుతుందో నాకు స్పష్టంగా కనిపించింది. లేచి నిలబడ్డాను.

"నాకు సినిమా ఇంగ్లీషు రాదండీ. వింటే అర్థం కాదు. ఇప్పటిదాకా చెప్పిందంతా కల్పించానండీ."

మా బావ తల గోడవైపు తిప్పుకున్నాడు. ముందుగా తేరుకున్నది మామ్మగారు.

"అయితే ఆ పిల్ల మరదలు కాదా?"

"తెలియదండీ."

"పోయిన ఆయన మావయ్య కాదా?"

"ఎవరో కూడా తెలియదండీ."

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! ఊరూ పేరూ తెలియని వాడికోసం అంత బాధపడ్డానా నేను!"

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. దివిసీమ మావయ్యగారు మాత్రం నవ్వలేదు. "అసలు ఒక్క ముక్కయినా అర్థం కాలేదా?" అన్నారు.

"అంకెలు అర్థమయ్యాయండీ. ఆఫీసులో రోజూ ఇంగ్లీషులో అంకెలు రాసుకుంటాను. అవి వినబడితే మాత్రం తప్పు పోదు." అలవాటు కొద్దీ ఆ అంకెలన్నీ క్యాసెట్ల దుకాణం రసీదు వెనక పెన్సిలుతో రాసుకుంటూనే ఉన్నాను. ఆ కాగితం తీశాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, తన పుస్తకం తెరిచారు.

"చదువు."

"నలభై. మైళ్ళన్నానండీ, అది అబద్ధం, ఉత్త నలభై. తరువాత తొమ్మిది. మావయ్య... అంటే ఆ పోయిన ఆయన అన్నాడు. తరువాత గుహ దగ్గర గడియారం చూసి, ఆరు గంటలు. ఆ వెంటనే పద్నాలుగు అడుగులు."

"ఆరు గంటలన్నాడా? గడియారం చూసి?"

"అన్నాడండీ. ఆరు గంటలే."

ఆయన కళ్ళు మూసుకుని వేళ్ళ మీద ఏదో లెక్క వేశారు. "సరిపోయింది. ఆటుకీ పోటుకీ నడుమ ఆరు గంటలు, పైన కొన్ని నిమిషాలు. అంటే ఇప్పుడు నీళ్ళు దిగి ఉన్నాయి, ఆరు గంటల్లో గుహ మునుగుతుంది. ఇది సరిగ్గానే విన్నావు." ఆయన పుస్తకంలో పాత పేజీలు తిప్పి చూశారు. "పద్నాలుగు అడుగులంటే మాత్రం చాలా ఎక్కువ. మాకు పున్నమికి కూడా అందులో సగం రాదు. వాళ్ళ తీరం ఎలాంటిదో మరి. రాసుకుంటాను." నిజంగానే రాసుకున్నారు.

నలభై నిమిషాలకు కరెంటు వచ్చింది. నేను వంటింట్లోకి తప్పుకుందామనుకుంటుండగా ఆయన కేకేశారు. "ఎక్కడికి? రెండో క్యాసెట్టు వేయించు. వచ్చి ఇక్కడే కూర్చో. నువ్వు అంకెలు మాత్రం చెప్పు. మిగతాది మేం చూసుకుంటాం."

ఆ రెండో సగాన్ని నేను ఎన్నటికీ మరిచిపోలేను. అంతకుముందు నేనొక్కణ్ణే అబద్ధాలాడాను, ఇప్పుడు గదిలో పదహారు మందీ కథ అల్లడం మొదలుపెట్టారు. నేను "రెండు" అంటే, రెండు దారులున్నాయని ఒకరు, నిధి పెట్టెలు రెండని ఇంకొకరు. నేను "పదకొండు" అంటే, పదకొండింటికి ముహూర్తమని మామ్మగారు. "చూడు అబ్బాయ్, నువ్వు కాదన్నా సరే, అది మరదలే. ఆ కసురుకోవడం చూస్తే తెలియటంలా?" అని ఆవిడ తేల్చేశారు. గుహలోకి నీళ్ళు రావడం మొదలయ్యేసరికి మావయ్యగారు మా గోడగడియారం వైపు చూస్తూ, "తూము ఉండి ఉంటే ఈపాటికి తలుపు వేసేయాలి" అని కూర్చున్నచోటనే ఆత్రపడ్డారు. గడ్డపు మనిషి మందుగుండుకు నిప్పు అంటించాడు. టోపీ మనిషి వేళ్ళు చూపిస్తూ అరవడం మొదలుపెట్టాడు. నేను కూడా లేచి నిలబడి, ప్రాణం పెట్టి అరిచాను.

"అయిదు! నాలుగు! మూడు! రెండు! ఒకటి!"

కొండ పేలిపోయింది. గదంతా చప్పట్లు. ఆ సినిమా మొత్తంలో నేను ఒక్క అక్షరం పొల్లుపోకుండా తెలుగు చేసిన మాటలు అవే. చప్పట్లు కొండ పేలినందుకో, నాకో తేల్చుకోలేకపోయాను. మా బావ మాత్రం నాకేనని ఇప్పటికీ అంటాడు. చివర్లో ఆ ఇద్దరూ పడవ మీద చేతులు పట్టుకున్నారు. మామ్మగారు చూశావా అన్నట్టు నా వైపు చూసి, కొంగు సర్దుకుని లేచారు.

భోజనాలయ్యాక ఆయన్ను బస్సు ఎక్కించే పని నాకు పడింది. ఇంటి నుంచి బస్టాండుకు ఇరవై నిమిషాల నడక. పదిహేడు నిమిషాలు ఆయన మాట్లాడలేదు. సంబంధం పోయిందని నేను దాదాపు ఖాయం చేసుకున్నాను. అవనిగడ్డ బస్సు కనిపించాక ఆయన ఆగారు.

"మా అమ్మాయికి ఇంగ్లీషు వచ్చు. ఇంట్లో ఒకరికొస్తే చాలు."

ఆయన బస్సు వైపు రెండడుగులు వేసి, మళ్ళీ నా వైపు తిరిగారు.

"పోటు వేళ ఎవడైనా ఊహించి చెబితే, తూము తలుపు ఆలస్యమై ఉప్పునీళ్ళు నా చేలోకి వస్తాయి. అందుకని తెలియనిది తెలియదని చెప్పే మనిషి కావాలి నాకు. నువ్వు చెప్పావు. అయితే ఒకటి. అది చెప్పడానికి నీకు గంటా పది నిమిషాలు పట్టింది. ఆ టైము తగ్గించుకో."

"తగ్గించుకుంటానండీ."

బస్సు కదిలింది. ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపలేదు; పుస్తకం తీసి ఏదో రాసుకుంటూ కనిపించారు. నేను బస్టాండు బయట చెరుకురసం బండి దగ్గర కూర్చుని, వరసగా మూడు గ్లాసులు తాగాను. నా మనసు అంతగా తేలికపడటం మళ్ళీ ఎప్పుడూ జరగలేదు. మా పెళ్ళిరోజున కూడా కొంత కంగారుగానే ఉన్నాను గానీ, ఆ సాయంత్రం మాత్రం ఏ కంగారూ లేదు.

ఆ మాట నేను నిలబెట్టుకున్నాను. ఆ రోజు నుంచి రాసి లేనిది, లెక్క లేనిది నా నోటి నుంచి రాలేదు. ఉద్యోగంలో అది నాకు మేలే చేసింది. ఇంట్లో ఎంత మేలు చేసిందో మా ఆవిడ చెప్పాలి. పెళ్ళయిన చాలా ఏళ్ళకు, ఒక మధ్యాహ్నం టీవీలో ఆ సినిమాయే వచ్చింది. మామగారు అప్పుడు మా ఇంట్లోనే ఉన్నారు. మా ఆవిడ మొదటి నుంచి చివరి దాకా తెలుగులో చెప్పింది. ఆ అమ్మాయి టోపీ మనిషికి బంధువు కాదు, అతనిమీద నిఘా పెట్టడానికి వచ్చిన ఉద్యోగి. గుంటలో పడిన ముసలాయన పరమ దుర్మార్గుడు. అందుకే వాళ్ళు నవ్వారు. నలభై అన్నది మైళ్ళు కాదు, మునిగిపోయిన ఓడల లెక్క. అంతా శ్రద్ధగా విన్నారు మామగారు. అయ్యాక కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇదేం కథే! ఒకళ్ళకొకళ్ళు ఏమీ కాకపోతే ఆ గుహలో దూరడం దేనికి? ఆ రోజు మీ ఆయన చెప్పిందే బాగుంది. మా ఊళ్ళో అందరికీ నేను అదే చెప్పాను."

ఆరా తీస్తే తెలిసింది. నాట్ల దగ్గర, కోతల దగ్గర, గట్టు మీద కూర్చున్నప్పుడల్లా ఆయన ఆ కథ ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నారట. ఆ బావ, ఆ మరదలు, కర్మకాండ వాయిదా పడిన మేనమామ, దాయాదులు అందరూ అందులో ఉన్నారు. తిథి ఒక్కటి మాత్రం పున్నమిగా సవరించారు.

మామగారు ఇప్పుడు లేరు. పోటు వేళలు రాసుకున్న ఆయన పుస్తకాలు పద్నాలుగు నా బీరువాలో ఉన్నాయి. మధ్యాహ్నం మేమిద్దరం సినిమా చూస్తుంటే తెర అడుగున అక్షరాలు తమ పని తాము చేసుకుపోతాయి. నేను కాగడా ఎంతసేపు వెలిగిందో రాసుకుంటాను. నా లెక్కలో తప్పు దొరకదు. నన్ను ఎవరూ ఏమీ అడగరు. ఇది నాకు నిజంగా హాయిగానే ఉంది. అయినా అప్పుడప్పుడు, టీవీ పక్కన చెమటలు కక్కుతూ, ముక్కూ మొహం తెలియని దొరలకు గబగబా బంధుత్వాలు కలిపిన ఆ ఇరవై అయిదేళ్ళ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. వాడికి తెలిసింది నాకు తెలిసినదాంట్లో పదో వంతు కూడా లేదు. కానీ గదిలో ఉన్న పదహారు మందీ తెరను వదిలేసి వాడి వైపే తిరిగి కూర్చునేవారు.